మేష్టారి ఫియట్‌లో నా చోటు

నేను ఒక క్యామ్‌షాఫ్టుని. ఆ పేరు విని మీరు మొహం చిట్లిస్తే తప్పు మీది కాదు. బానెట్ ఎత్తి చూసినవాళ్ళకి బ్యాటరీ కనబడుతుంది, రేడియేటర్ కనబడుతుంది, నేను మాత్రం కనబడను. ఇంజను కడుపులో, చీకట్లో, ఆయిల్లో తడుస్తూ బతికేదాన్ని. మూరెడు పోత ఇనుప కడ్డీని నేను. ఒంటి మీద వరసగా కోడిగుడ్డు ఆకారంలో బొడిపెలుంటాయి. నేను తిరుగుతుంటే అవి వాల్వుల్ని తెరుస్తాయి, మూస్తాయి. ఇంజను ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది నేనే. కారుకి గొంతంటూ ఒకటి ఉంటే అది నా వంపుల్లోంచే పుడుతుంది. ఇదంతా గొప్ప కోసం చెప్పుకోవడం కాదు. సరే, కాస్త గొప్ప కోసమే అనుకోండి, ఇప్పుడు నాకు మిగిలింది అదొక్కటే.

ఎక్కడో ఉత్తరాదిన ఒక పోత కర్మాగారంలో పుట్టాను. కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోస్తే కడ్డీనయ్యాను. తరవాత సానరాయి మీద పెట్టి నాకీ వంపులు తెచ్చారు. ఆ సాన పట్టినవాడు నెమ్మదస్తుడై ఉండాలి. పందేలకి దౌడు తీసే కార్ల కోసం చెయ్యలేదు నన్ను. పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని, ఒళ్ళో పులుసు గిన్నె పెట్టుకున్నా తొణక్కుండా వెళ్ళే కార్ల కోసం చేశాడు. కింద చక్రాల్ని తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి నేను ఒక్క చుట్టు తిరుగుతాను. నిదానం నా పుట్టుకలోనే ఉంది.

ఒక బూడిద రంగు ఫియట్‌లో నన్ను బిగించారు. ఆ కారుని మొదట ఉయ్యూరు దగ్గర ఒక పంచదార ఫ్యాక్టరీ ఆఫీసరు కొన్నాడు. ఆయన ఆదివారం ఆదివారం కడిగించి, నీడలో పెట్టి చూసుకునేవాడు. తోలితే అరిగిపోతుందని భయం. తరవాత సినిమా రీళ్ళ డబ్బాలు ఊరూరా చేరవేసే ఆసామి చేతిలో పడ్డాం. ఆయనకి అలాంటి భయాలేమీ లేవు, బందరు దాకా మూడో గేరులోనే తోలేవాడు. మనుషులింతే. ఒకడు వాడక పాడుచేస్తాడు, ఇంకొకడు వాడి పాడుచేస్తాడు. అమ్మేటప్పుడు మాత్రం ఇద్దరూ "కన్నబిడ్డలా చూసుకున్నానండీ" అనే అన్నారు.

మూడో యజమాని ముక్తేశ్వరరావు మేష్టారు. బెజవాడ పటమటలో ఇల్లు. పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవారు. కృష్ణుడు, అర్జునుడు, ఆర్మోనీ పెట్టె, కిరీటాల ట్రంకు అన్నీ ఆ ఫియట్‌లోనే ఎక్కేవి. కృష్ణుడు ముందు సీట్లో బీడీ కాల్చుకుంటుంటే అర్జునుడు వెనక ట్రంకు మీద కాళ్ళు చాపుకుని నిద్రపోయేవాడు. మేష్టారు తోలుతూ ఇంజను చప్పుడికి శ్రుతి కలిపి సన్నగా రాగం తీసేవారు. దారిలో నా బొడిపెల మీద ఆడే ట్యాపెట్ ఒకటి వదులై టకటకమన్నా ఆయన రాగం ఆగిపోయేది. అంత చెవి ఆయనది. నా చప్పుడికి రాగం తీసిన మనిషి మళ్ళీ ఎవరూ దొరకలేదు నాకు.

అలాంటి చెవే ఇంకొకరికి ఉండేది. ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న దేవసహాయం మేస్త్రికి. గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకి అందించే కార్బురేటర్ ట్యూనింగులో ఆయన పద్ధతి ఆయనది. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అటు ఆయన చెవి, ఇటు నేను. చాలా కబుర్లు నడిచాయి మా మధ్య. చివర్లో ఎదుటి కొట్టు నుంచి గ్లాసు నిండా టీ తెప్పించి, నడుస్తున్న ఇంజను మీద పెట్టేవాడు. టీ ఒలికితే ఇంకా పని ఉన్నట్టు, మళ్ళీ స్క్రూ తిప్పేవాడు. ఒలక్కపోతే పని అయిపోయినట్టు. అప్పుడు ఆ టీ ఆయనే తాగేవాడు, మేష్టారికి వేరే తెప్పించేవాడు. మేష్టారు పక్కన స్టూలు మీద కూర్చుని "ఇంకొక్క పిసరు తగ్గించు దేవసహాయం" అనేవారు. మేస్త్రి తగ్గించేవాడు. ప్రతి నెలా వచ్చేవారు, అవసరం ఉన్నా లేకపోయినా. అవసరం లేకుండా వచ్చిన నెలల్లో ఇంకా ఎక్కువసేపు కూర్చునేవారు. నా బతుకులో బంగారు కాలం అదే.

తరవాత ఒకటి జరిగింది. అది మొదట నాకొక్కదానికే తెలిసింది.

ఒక ఉదయం మేష్టారు కారెక్కి సెల్ఫ్ కొట్టారు. ఇంజను అందుకుంది, నేను మామూలుగానే తిరుగుతున్నాను. ఆయన మళ్ళీ సెల్ఫ్ కొట్టారు. నడుస్తున్న ఇంజను మీద సెల్ఫ్ కొడితే పళ్ళు పళ్ళు రాసుకుని ఒళ్ళు జలదరించే చప్పుడొస్తుంది. ఆయన కంగారుగా చెయ్యి తీసేశారు. పరధ్యానంలో ఉన్నారనుకున్నాను. వారం తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. ఆ తరవాత తరచుగా. ఇంజను నడుస్తోందో లేదో ఆయనకి తెలియడం లేదు. నా నెమ్మది గొంతు ఆయన చెవిదాకా చేరడం లేదు.

రాగం తియ్యడం మానేశారు. చలికాలం ఉదయాల్లో చోకు లాగి, చప్పుడుని బట్టి కొంచెం కొంచెంగా వదలాలి కదా, అదీ చేతనయ్యేది కాదు. పెట్రోలు ఎక్కువై ఇంజను ముక్కి మూలిగి ఆగిపోయేది. హార్మోనియం మాత్రం వేళ్ళ అలవాటు మీద సభల్లో వాయిస్తూనే ఉన్నారు. చెవి పోయిన హార్మోనిస్టు అన్న మాట పడటం కంటే ఊపిరి పోవడమే నయమనుకునే మనిషి. దేవసహాయం ఏదైనా చెబుతుంటే పెదాల వంక చూసి తల ఊపేవారు. మేస్త్రి అది గౌరవం అనుకుని పొంగిపోయేవాడు.

ఒకరోజు మేష్టారు షెడ్డుకొచ్చి అన్నారు.

"దీనికి ఇంజెక్షన్ పెట్టిద్దామయ్యా. కార్బురేటర్ వద్దు."

మేస్త్రి చేతిలోని గుడ్డ కింద పెట్టేశాడు. "కార్బురేటర్‌కి ఏమైందండీ? నేను చూసుకుంటున్నాగా."

"పెట్రోల్లో ఏవేవో కలుపుతున్నారటగా. రబ్బర్లు పాడైపోతాయట. ఇదైతే ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటరే చూసుకుంటుంది."

కంప్యూటరే చూసుకుంటుంది అన్న మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. ఇన్నాళ్ళూ చూసుకున్న చెవి ఇక అక్కర్లేదన్నట్టు విన్నాడు. మేష్టారికి కావలసింది చెవితో పని లేని కారు. ఆ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఈయనా అడగలేదు. మొహం మాత్రం చిన్నబుచ్చుకున్నాడు.

పాత కార్లకి ఇంజెక్షన్ అమర్చే ఇంజనీరు ఫణీంద్ర హైదరాబాద్ నుంచి వచ్చాడు. నెమ్మదైన మనిషి, వచ్చీ రాగానే మేస్త్రికి నమస్కారం పెట్టాడు. ఇంజనంతా చూసి, నన్ను బయటికి తీయించి కొలతలు కూడా తీసుకున్నాడు.

"మేస్త్రిగారూ, ఈ క్యామ్ కదపొద్దండీ. ఇంజెక్షన్‌కి ఇంతకంటే మంచిది దొరకదు. ఇంజను గాలిని ఎంత గట్టిగా లాగుతోందో కొలుచుకుని కంప్యూటర్ పెట్రోలు చిమ్ముతుంది. దీనితో ఆ లాగుడు నిలకడగా ఉంటుంది. ఎవరైనా రేసు క్యామ్ వెయ్యమంటే మాత్రం వేయకండి. అందులో రెండు వాల్వులూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. బండి నిలబడి ఉన్నప్పుడు లాగుడు తడబడుతుంది, కంప్యూటర్ తికమకపడుతుంది."

చదువుకున్నవాడు, నా విలువ తెలిసినవాడు అని నేను మురిసిపోయాను. మేస్త్రి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"లో ఎంత పొగరుందో నాకు తెలుసు. కంప్యూటర్‌కి ఏది మంచిదో కంప్యూటర్ మనిషి చెబితే తను వినడమేమిటని.

ఇంజెక్షన్ సామాను వచ్చేలోపు మేష్టారూ మేస్త్రీ కలిసి పాత కార్ల ప్రదర్శనకి వెళ్ళారు. నేనూ వెళ్ళాను, కొలతలయ్యాక నన్ను తిరిగి ఇంజన్లోనే బిగించారు కదా. మా పక్కన ఒక ఎర్ర కారు నిలబెట్టారు. దాని సొంతదారు తాళం తిప్పాడు. దబ్, దబదబ్, దబ్. నేలంతా అదిరింది. పందెపు కారు క్యామ్ అది, నిలకడ లేని చప్పుడు. నాకైతే ఒళ్ళు మండింది. పొద్దుటినుంచీ వెనకనుంచి ఎంతమంది పలకరించినా తిరగని మేష్టారు ఆ చప్పుడికి గిరుక్కున తిరిగారు. దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. చాలాసేపు అక్కడే ఉండిపోయారు. ఏళ్ళుగా ఆయన గొంతులో లేని హుషారు ఆ రోజు విన్నాను.

"దేవసహాయం, మనకి ఇదే క్యామ్ కావాలయ్యా."

మేస్త్రి కూడా ఆ చప్పుడికి చెవి ఒగ్గే ఉన్నాడు. ఇద్దరూ చెవిని నమ్ముకుని బతికినవాళ్ళు. క్యామ్ ఎంచుకునేటప్పుడు బండి ఎంత బరువు, ఏ దారిలో తిరుగుతుంది, పెట్రోలు ఇచ్చేది ఏది అని చూస్తారు ఎవరైనా. వీళ్ళిద్దరూ చప్పుడు బాగుందని ఎంచుకున్నారు, కచేరీకి తంబురా ఎంచుకున్నట్టు. పైగా ఫణీంద్ర వద్దన్నాడు కాబట్టి మేస్త్రికి అది ఇంకా బాగా వినబడింది.

"పెట్టేద్దాం మేష్టారూ. అతనికేం తెలుసు, ఇంజను మనది." అన్నాడు.

ఆటోనగర్‌లోనే సాన పట్టించి కొత్తదాన్ని తెచ్చారు. నన్ను ఊడదీసి కిరసనాయిలుతో కడిగి, న్యూస్‌పేపర్లో చుట్టారు. కొత్త సామాను వేస్తే పాతది సొంతదారు చేతికి ఇవ్వడం అక్కడి మర్యాద, మార్చామో లేదో అన్న అనుమానం ఉండకుండా. మేష్టారు నన్ను చేతిలోకి తీసుకుని కాస్త బరువు చూసి "నీ దగ్గరే ఉంచు" అని మేస్త్రికే ఇచ్చేశారు. అలా షెడ్డులో గోడ చెక్క మీదికి చేరాను.

ఇంజెక్షన్ సామాను రాగానే మేస్త్రి తనే దాన్నీ కొత్త క్యామ్‌నీ బిగించి స్టార్ట్ చేసినప్పుడు మేష్టారి మొహం చూశాను. బయట ఉండటంతో మొదటిసారి సరిగ్గా చూశాను ఆయన మొహం. ఆయనకి వినబడుతోంది. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. మేస్త్రి అలవాటుగా టీ గ్లాసు ఇంజను మీద పెట్టాడు. సగం ఒలికిపోయింది. "కొత్తది కదా, సర్దుకుంటుంది" అన్నాడు, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.

సర్దుకోలేదు. ఫణీంద్ర చెప్పినట్టే అయింది. సిగ్నల్ దగ్గర నిలబడగానే ఇంజను ఎగిరెగిరి పడి చచ్చిపోయేది. ఒకసారి బెంజి సర్కిల్ నడిమధ్య ఆగిపోయింది. వెనక బస్సులు హారన్లు కొడుతుంటే మేష్టారు కదలకుండా కూర్చున్నారట, కానిస్టేబుల్ వచ్చి అద్దం మీద కొడితే గానీ తెలియలేదట. కారుని తాడు కట్టి లాక్కొచ్చారు. దేవసహాయం చేసిన బండి తాడుతో వస్తోందని ఆటోనగర్ అంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది.

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. మేష్టారు దిగగానే ఎదురెళ్ళాడు.

"ఆ పాతది పెట్టేస్తానండీ. ఫణీంద్రగారు చెప్పింది నిజమే, నాదే తప్పు. ఒక్కరోజు పని."

చెక్క మీద నేను సిద్ధంగా ఉన్నాను. మేష్టారు ఆయన పెదాలు చూశారు, నా వంక చూశారు.

"వద్దు. ఇదే ఉండనీ."

"ఎందుకండీ? రోడ్డు మీద ఆగిపోతుంటే నా పేరు పోతోంది."

"నాకు ఇదే కావాలి."

"అయితే నా పేరు చెప్పకండి ఇంక."

మేష్టారికి ముక్కు మీదే కోపం. "ఇంజెక్షన్ సంగతి నీకు తెలియదని నువ్వు ముందే చెప్పాల్సింది దేవసహాయం" అనేశారు.

అనవలసిన మాట కాదది. అన్నాక ఆయనకీ తెలిసినట్టుంది, ఇంకేదో చెప్పబోయి ఆగారు. మేస్త్రి అప్పటికే మొహం తిప్పుకున్నాడు. మొహం తిప్పుకుని ఏం గొణిగాడో ఆయనకి తెలిసే దారి లేదు. వేరే ఎవరి చేతో బండి నెట్టించుకుని వెళ్ళిపోయారు మేష్టారు.

వర్షాలు వచ్చి వెళ్ళాయి. నెలకోసారి స్టూలు తుడిచి పెట్టడం మాత్రం మేస్త్రి మానలేదు. ఒకరోజు నన్ను పేపర్లో చుట్టి స్కూటర్ ముందు పెట్టుకుని పటమట బయలుదేరాడు. పాత సామాను ఇచ్చే వంకతో మాట కలపాలని. మేష్టారు వసారాలో గేటుకి వీపు పెట్టి హార్మోనియం వాయిస్తున్నారు. మేస్త్రి గేటు గొళ్ళెం గట్టిగా ఆడించాడు. "మేష్టారూ" అన్నాడు. ఇంకాస్త పెద్దగా పిలిచాడు. పక్కింటి కుక్క మొరిగింది, ఎదురింటావిడ బయటికొచ్చి చూసింది. మేష్టారు మాత్రం తిరగలేదు, పాట ఆపలేదు.

ఆయనకి వినబడటం లేదయ్యా, లోపలికి వెళ్ళు, భుజం మీద చెయ్యి వెయ్యి అని ఎంత మొత్తుకున్నానో. ఇనుముకి గొంతెక్కడిది. ఉన్న గొంతు ఇంజన్లో ఉన్నంతసేపే. మేస్త్రి నన్ను మళ్ళీ స్కూటర్ మీద పెట్టుకుని వెనక్కి తిరిగాడు. దారిలో ఎక్కడో ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తరవాత ఆ స్టూలు తుడవలేదు.

మేష్టారు పోయారని కబురు వచ్చింది. మేస్త్రి వెళ్ళి, జనం వెనకాల నిలబడి వచ్చేశాడట. ఆ రోజు షెడ్డు తెరిచాడు గానీ ఏ బండీ ముట్టుకోలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఫియట్ షెడ్డులోకి వచ్చింది. వెనక సీట్లోంచి మేష్టారి భార్య సీతారత్నమ్మగారు దిగారు. తోలుకొచ్చిన బంధువు చెమటలు కక్కుతున్నాడు, దారిలో ఎన్నిసార్లు ఆగిందో.

"దేవసహాయం, దీనిలోది ఏదో పాతది నీ దగ్గర ఉందటగా. అదే పెట్టెయ్. నాకు ఊళ్ళో తిరగడానికి ఇదొక్కటే, ఇలా ఆగిపోతే ఎలా?"

నా గుండె, ఉంటే, ఆగిపోయేది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన మాట. మేస్త్రి నన్ను చెక్క మీంచి దించి దుమ్ము తుడిచాడు. తుడుస్తూ అన్నాడు, "ఇదే పెడతానంటే ఆయన ఒప్పుకోలేదమ్మగారూ. ఎందుకో చెప్పలేదు."

ఆవిడ ఆయన వంక వింతగా చూశారు.

"ఎందుకేమిటి? ఆయనకి ఆ చప్పుడు ఒక్కటే వినబడేది. పాతది వినబడేది కాదుగా. నీకు చెప్పానన్నారే."

మేస్త్రి చేతులు ఆగిపోయాయి.

"చెవులు పోయి చాలా ఏళ్ళయింది కదా. ఎవరికీ తెలియనిచ్చేవారు కాదు. దేవసహాయానికి ఒక్కడికి చెప్పాను, వాడికి తెలిస్తే చాలు అనేవారు. చివర చివర ఆ చప్పుడూ వినబడేది కాదు. సాయంత్రాలు కారు స్టార్ట్ చేసి, ఆగినప్పుడల్లా మళ్ళీ సెల్ఫ్ కొట్టి, డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేవారు. పెట్రోలు దండగ కాదా అంటే, తెలుస్తోంది రత్నం, తెలుస్తోంది అనేవారు."

"నేనొకసారి ఇంటికొచ్చానమ్మగారూ. గేటు దగ్గర పిలిచాను." అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడు?"

మేస్త్రి గుడ్డతో నా వంపులు మళ్ళీ తుడిచాడు. చెప్పాలని ఎన్నోసార్లు షెడ్డు గుమ్మం దాకా వచ్చి, నోరు రాక వెళ్ళిపోయి, చెప్పేశానని ఇంట్లో అబద్ధమాడిన ఆ మొండి మనిషి మీద నాకు కోపం వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయిన ఈ మొండి మనిషి మీద కూడా వచ్చింది. ఇద్దరికీ అంత గొప్ప చెవులుండి ఏం లాభం? పక్కవాడి బాధ ఒక్కరికీ వినబడలేదు.

మేస్త్రి నన్ను మళ్ళీ చెక్క మీద పెట్టేశాడు.

"పాతది పెట్టనమ్మగారూ. దీన్నే ఆగకుండా చేసిస్తాను."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంజెక్షన్‌కి తగినది నేనే. ఇంజనీరు చెప్పాడు, మేస్త్రి ఒప్పుకున్నాడు, చివరికి సొంతదారు కూడా అడిగింది. ఇంతమంది సరేనన్నా నా చోటు నాకు రాలేదు. అయినా ఆ కారులో ఇప్పుడు నన్ను పెడితే మేష్టారి చెయ్యి ఆనుకున్న ఆ అదురు పోతుంది. నా నెమ్మది ఆయన్ని ఒంటరివాణ్ణి చేసింది. ఆ మోటు క్యామే ఆయనకి చివరిదాకా తోడుంది. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మేస్త్రి తనే ఫణీంద్రకి ఫోన్ చేశాడు. "తప్పు నాదే సార్, మీరొచ్చి చెబితే నేర్చుకుంటాను" అన్నాడు. అతను వచ్చాడు. లాగుడు లెక్క నమ్మడం మాన్పించి, యాక్సిలరేటర్ ఎంత నొక్కారో దాన్ని బట్టే పెట్రోలు ఇమ్మని కంప్యూటర్‌కి మార్చి చెప్పాడు. నిలబడి ఉన్నప్పటి వేగం కాస్త పెంచాడు. ముందే అడిగి ఉంటే ముందే అయ్యే పని. బండి సర్కిల్ దగ్గర ఆగడం మానేసింది.

నేను ఇక్కడే ఉన్నాను. దసరాకి మేస్త్రి స్పానర్లన్నీ కడిగి వరసగా పేర్చి బొట్లు పెడతాడు. ఆయన చర్చికి వెళ్ళే మనిషే, అయినా ఆటోనగర్లో పనిముట్ల పండగ అందరిదీ. పని లేని నాకూ ఒక బొట్టు పెడతాడు. పెట్టేటప్పుడు నా వంపుల మీద బొటనవేలు కాసేపు ఆనుతుంది.

సీతారత్నమ్మగారి ఫియట్ నెలకోసారి వస్తుంది, అవసరం ఉన్నా లేకపోయినా. మేస్త్రి ఆవిడకి స్టూలు తుడిచి వేస్తాడు. బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజను మీద గ్లాసు నిండా టీ పెడతాడు. దబ్, దబదబ్, దబ్. టీ అంచులు దాటి ఇంజను మీద కారిపోతుంది. ఆయన స్క్రూడ్రైవర్ తియ్యడు. డ్రైవర్ సీట్లోకి వెళ్ళి డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. తరవాత వచ్చి, గ్లాసులో మిగిలింది తాగుతాడు.